పెండ్లిచోటు వెదకుచు భాగ్యనగర యాత్ర

మా చిన్ననాట పెండ్లి యెక్కడ జరుగవలెనను ప్రశ్న యే యింటను పుట్టలేదు. ఆడపిల్ల పుట్టినయింటి ముంగిట తాటాకు పందిరి వేయుదురు. గుమ్మములకు మామిడాకుల తోరణములు కట్టుదురు. మగపెండ్లివారికి ఎదురింటి లోగిలి విడిదిగా నిత్తురు. ఫోటోగ్రాఫరు పట్టణమునుండి ఒక్కపూట వచ్చి, అందరిని వరుసగా కూర్చుండబెట్టి, కదలవద్దని గద్దించి, నాలుగు ఫోటోలు తీసికొని పోవువాడు. ఇప్పుడట్లు కాదు. సంబంధము కుదురుటకు పట్టు కాలముకంటె చోటు కుదురుటకు పట్టు కాలమే యెక్కువగ నున్నది.

గడచిన మాఘమాసమున మా చెల్లెలి కూతురు వివాహము జరిగినది. అంతకు పూర్వము ఆషాఢములో నేనును, ఆ చిరంజీవియు, మా మరిదిగారును హైదరాబాదు నగరమునకు పోయి, మూడుదినములు హోటళ్ళను, ఫోటోగ్రాఫర్లను చూచి వచ్చితిమి. ఆషాఢమే యేల యందురా? ఆ నెలలో ముహూర్తములుండవు గనుక మందిరములు ఖాళీగ నుండును. మేనేజర్లకు మనతో మాటాడు తీరిక యుండును. ఆ యాత్రలో కన్నవియు, నేర్చినవియు మీలో నెవరికైన నుపకరింపవచ్చునని వ్రాయుచున్నాను.

ముందుగా మా యింటి సంగతి కొంత చెప్పవలెను. ఈ పిల్లకు తొమ్మిదేండ్లు నిండకమునుపే మా చెల్లెలు కన్నుమూసినది. చెల్లెలి వివాహము 1995లో రాజమహేంద్రవరములో మా యింటి ముంగిటనే జరిగినది. ఆనాటి ఆల్బము జిగురుపుటల ఆల్బము. ఫోటోలపై పలుచని ప్లాస్టిక్కు పొర కప్పియుండును. కొన్ని వానకాలములు గడచునప్పటికి ఫోటోలు జిగురునకు పట్టుకొని, పొర నెత్తబోగా ముఖములు ఊడివచ్చినవి. వీడియో క్యాసెట్టుకు బూజుపట్టి పాడైనది. ఫోటోలు తీసిన స్టూడియో మూతపడుటచే నెగెటివులును దక్కలేదు. మిగిలినవి పదునొకండు ఫోటోలు. పదింటిలో బంధువులు కానుకలిచ్చుచు వరుసగా నిలిచియున్నారు. పదునొకండవదానిలో చెల్లెలు తలంబ్రాలు పోయుచు తల వంచుకొనియున్నది. ముఖము సగము చేతులచాటున దాగినది. తన తల్లి పెండ్లినాడు ఎట్లు నవ్వినదో ఈ పిల్ల యెరుగదు.

నే నైనను ఎరుగుదునా? మంగళసూత్రధారణవేళ నేను కొట్టుగదిలో మిఠాయిపొట్లములు లెక్కపెట్టుచుంటిని. మేళము హోరెత్తగనే పరుగున వచ్చితిని గాని, అప్పటికి ముడి పడినది. ఇంటి పెండ్లిండ్లు ఎంతో ముచ్చటయైనవని మనము చెప్పుకొందుము, నిజమే. కాని ఆ ముచ్చట చూడక వంటశాలలోను, కొట్టుగదిలోను గడపిన ఆడవారెందరో ఎవ్వరును లెక్కవేయలేదు. కావున హోటలు పెండ్లియనగనే ముఖము చిట్లించుకొను పెద్దలలో నేను చేరను.

మా పిల్ల బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. తన వివాహము హైదరాబాదులోని ఫలక్‌నుమా సౌధములో జరుగవలెనని దాని కోరిక. మా మరిదిగారు కళాశాలలో పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్నవారు. ఆయన నన్ను చాటుకు పిలిచి, "వదినగారూ, తల్లి లేని పిల్ల. అడిగింది కాదనలేను. కోనసీమలో ఎకరం కొబ్బరితోట అమ్మేస్తాను" అనిరి. ఆ తోట ఆయన తండ్రిగారు నాటినది. నేను వెంటనే యేమియు అనలేదు. "ముందు చూసి వద్దాం మరిదిగారూ, చూశాక మాట్లాడుకుందాం" అంటిని. ఇంటివద్ద ఎనుబదియారేండ్ల మా అమ్మను మా తమ్మునికి అప్పగించి, రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్సులో బయలుదేరి, తెల్లవారునప్పటికి నగరము చేరితిమి.

మొదటిదినము ఫలక్‌నుమాకు పోయితిమి. చార్మినారునకు దక్షిణముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున నొక గుట్టపై నున్నదీ సౌధము. ముందుగా అనుమతి పొందినగాని లోనికి పోవీలులేదు. ద్వారమునుండి సౌధమువరకు అతిథులను గుఱ్ఱపుబండిలో తీసికొనిపోవుట అచ్చటి మర్యాద. బండి మెల్లగా గుట్ట నెక్కుచుండగా మా పిల్ల నా చేయి పట్టుకొని చిన్నపాపవలె కూర్చుండినది. మీద తెల్లని సౌధము, క్రింద పాతబస్తీ మిద్దెలు, దూరమున చార్మినారు మీనారులు కనబడినవి. ఫలక్‌నుమా యనగా ఆకాశదర్పణమని అర్థము చెప్పుదురు. ఆ పేరు తగినదే.

ఈ సౌధమును కట్టించినవారు నవాబ్ వికారుల్ ఉమ్రాగారు. పైగా వంశీకులు, తరువాత హైదరాబాదు సంస్థాన ప్రధానమంత్రిగా పనిచేసినవారు. 1884 మార్చి 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. విలియం వార్డ్ మారెట్ అను ఆంగ్లేయశిల్పి నమూనా గీచెను. పైనుండి చూచినచో కట్టడము తేలు ఆకారమున నుండునని యందురు. గ్రంథాలయము ఇంగ్లండులోని విండ్సరుకోట గ్రంథాలయపు పోలికను నిర్మింపబడినది. తరువాత ఇది ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి వశమైనది. ఆయన 1911లో ఇచ్చటనే స్వర్గస్థులైరి. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు విడిసిన తరువాత చాలకాలము తలుపులు మూసియే యుండెను. పదేండ్లపాటు మరమ్మతులు చేయించి, 2010లో తాజ్ వారు దీనిని హోటలుగా తెరచిరి. ఇప్పుడిందు 60 గదులు కలవు. 2014లో హిందీ సినిమానటుడు సల్మాన్‌ఖాన్ చెల్లెలి వివాహము ఇచ్చట జరిగిన తరువాత దేశములోని పెండ్లికూతుండ్ర చూపులన్నియు ఈ గుట్టమీద పడినవి.

ఆ సౌధచరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించినది మఱియొకటి. నవాబుగారు సంవత్సరములకొలది దీనిని కట్టించి కట్టించి, చివరకు తన సంపదకే మించిన అప్పులలో పడిరట. అప్పుడాయన భార్య, సౌధమును నిజాముగారికి నజరానాగా సమర్పింపుమని సలహా చెప్పెనట. నిజాముగారు దానిని స్వీకరించి, నవాబుగారికి వ్యయమైన సొమ్ము నిప్పించిరని చెప్పుకొందురు. అంతటి ప్రభువు తలపై పడిన భారమును ఇల్లాలి బుద్ధి దించినదను ఈ కథను నేను మా మరిదిగారు వినునట్లు పిల్లకు చెప్పితిని. మా మరిదిగారు చిరునవ్వు నవ్వి, "వదినగారూ, మన కొబ్బరితోటకి నిజాంగారు దొరకరు లెండి" అనిరి.

భోజనశాలలో ఒక్కటే బల్ల. 101 మంది ఒక్కసారి కూర్చుండి భుజింపవచ్చును. దానికి ఆ చివరనుండి ఈ చివరవరకు కుర్చీలు వేసియున్నవి. మా పిల్ల బల్లవెంట మెల్లగా నడచుచు పెదవులు కదపుచుండెను. ఏమి చదువుచున్నావే యని యడిగితిని. "చదవడం లేదు పెద్దమ్మా. ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూస్తున్నాను. మన వీధివాళ్ళతోనే బల్ల నిండిపోయింది. అమ్మమ్మ ఇంకా రాలేదు" అనెను. ఆ మాటతో నాకు సగము బరువు తీరినది. మా అమ్మ చక్రముల కుర్చీలో తిరుగునది. రాత్రియంతయు రైలులో ప్రయాణము చేయలేదు. ఆమెను విడిచి పెండ్లి చేయుట ఎట్లని నేను నోటితో అననక్కఱలేకపోయెను.

అచ్చటివారు ఎంతో మర్యాదగా అన్నియు చూపి, టీ యిచ్చి పంపిరి. ఉన్నవారు అచ్చట పెండ్లి చేసికొనుట తప్పని నేననను. అట్టి కట్టడములు నిలువవలెనన్న ఎవరో ఒకరు వానికి కూలి యియ్యవలెను గదా. మా పిల్ల తిరిగివచ్చునప్పుడు ఒకసారి వెనుకకు చూచినది. నేను చూడనట్లే యుంటిని. దారిలో లాడ్‌బజారులో దిగి, దానికి నచ్చిన లక్కగాజులు రెండుజతలు కొంటిని.

రెండవదినము నగరములోని నాలుగు పెద్దహోటళ్ళు చూచితిమి. వాని పేర్లు వ్రాయను. ఒకచోట మేనేజరు మిక్కిలి తియ్యగా మాటాడెను. ముహూర్తము రాత్రి 2 గంటల 47 నిమిషములకని చెప్పగనే, తేదీ మారుచున్నది గనుక రెండుదినముల అద్దె యియ్యవలెననెను. హోమము మాట యెత్తగా, పైకప్పునకు పొగ పసిగట్టు యంత్రము లున్నవి, పొగ తగిలినచో గంటలు మ్రోగి నీళ్ళు కురియును, కావున నిప్పునకు బదులు విద్యుద్దీపము పెట్టుకొనుడనెను. మా మరిదిగారు శాంతస్వభావులు. "అగ్నిసాక్షిగా అనడానికి బదులు కరెంటుసాక్షిగా అనమంటారా?" అని మాత్రమడిగి లేచిరి.

మఱియొకచోట తోటలో పందిరి బహు సుందరముగ నుండెను. కాని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను బట్టి రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు ఆరుబయట మైకులు మ్రోగింపరాదు. మూసిన మందిరములలోనైనచో కొంత వెసులుబాటు కలదు. మనవారి ముహూర్తములు తఱచు అర్ధరాత్రులయందే వచ్చును గదా! తోట చూచి మురిసి బయానా యిచ్చినవారు తీరా ఆనాడు నాదస్వరము లేక మాంగల్యధారణ చేయవలసివచ్చును. మూడవచోట ధర తక్కువ. కాని అతిథులెందరు వచ్చినను ఇన్ని విస్తళ్ళకు తక్కువ కాకుండ సొమ్మియ్యవలెనను నిబంధన కలదు. నాలుగవచోట మందిరము మూడవయంతస్తులో నుండెను. లిఫ్టులో చక్రముల కుర్చీ పట్టదు.

ఆ రాత్రి బంధువులయింట కూర్చుండి నేనొక కాగితముపై హోటలువారిని తప్పక యడుగవలసిన మాటలు వ్రాసితిని. మందిరము ఏ గంటనుండి ఏ గంటవరకు మనది? అర్ధరాత్రి దాటినచో లెక్క యెట్లు? హోమగుండమునకు చోటెక్కడ? విస్తరి ధరలో పన్ను చేరియున్నదా, వేరా? బయటి వంటవారిని రానిత్తురా? పెండ్లికూతురు అలంకరించుకొను గది మందిరమునకెంత దూరము? వృద్ధులకు మెట్లు లేని దారి కలదా? మిగిలిన అన్నము నేమి చేయుదురు? నోటిమాటలు గాలికి పోవును గనుక ఇవన్నియు కాగితముమీద వ్రాయించి సంతకము తీసికొనవలెను.

మూడవదినము ఫోటోగ్రాఫర్లను చూచుటకు కేటాయించితిమి. ఈ విషయమున హైదరాబాదునకు గొప్ప చరిత్ర కలదు. ఫలక్‌నుమా కట్టబడుచున్న దినములలోనే రాజా దీనదయాళుగారు ఇచ్చట పేరు మోసిరి. 1844లో మీరట్ సమీపమున జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన యాయన ఆరవ నిజాముగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరచెను. 1892లో హైదరాబాదులో ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా నొక స్టూడియో పెట్టి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత కప్పగించెను. పరపురుషుని యెదుట నిలువలేని స్త్రీలకును తమ రూపము నిలుపుకొనవలెనను కోరిక యుండునని నూటముప్పదియేండ్లకు పూర్వమే గుర్తించిన బుద్ధిని మెచ్చుకొనవలెను. ఆయన 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగెటివులు 2857, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారికి చేరినవి. ఆనాటి గాజుపలకలు నేటికిని నిలిచియున్నవి; మా చెల్లెలి 1995నాటి ఆల్బము నిలువలేదు. మూలప్రతిని జాగ్రత్త చేసినవారికే జ్ఞాపకము దక్కునని దీని తాత్పర్యము.

మొదట చూచిన యాతడు మూడునిమిషముల చలనచిత్రమొకటి చూపెను. ఆకాశమునుండి తీసిన దృశ్యములు, పొగమంచు, పూలవాన, సంగీతము. కన్నులు మిరుమిట్లు గొలిపినవి. రెండవచోటను అట్టిదే, మూడవచోటను అట్టిదే. పెండ్లికూతుండ్రు వేఱైనను అందరు ఒక్కతీరున తల త్రిప్పి, ఒక్కతీరున నవ్వుచున్నారు. అప్పుడు మా పిల్ల, "మంచివి ఏరి చూపించకండి. ఏదైనా ఒక పెళ్ళి మొదటినుంచి చివరిదాకా తీసినవన్నీ చూపించండి" అని యడిగెను. ఇద్దరు వీలుపడదనిరి. మూడవయాతడు చూపెను గాని, అందు జీలకఱ్ఱబెల్లము వేళ ఫోటోగ్రాఫర్లే నలుగురు వధూవరులను చుట్టుముట్టియుండుటచే, కూర్చున్న బంధువులకు వారి వీపులే కనబడుచున్నవి. మంగళసూత్రము మరల కట్టుమని పెండ్లికొడుకును ఆపిన ఫోటోగ్రాఫర్లును కలరని వింటిమి.

సాయంకాలమున ఒక స్త్రీ ఫోటోగ్రాఫరు వద్దకు పోయితిమి. ముప్పదియైదేండ్ల వయసుండును. చిన్నగది, గోడలపై ఫోటోలు తక్కువ. ఆమె మమ్ము కూర్చుండబెట్టి, ధర మాట యెత్తకమునుపే, "మీ ఇంట్లో ఏ పెళ్ళిలోనూ ఫోటోకి దొరకనివాళ్ళు ఎవరండీ?" అని యడిగెను.

మేము ముగ్గురము ఒకరినొకరు చూచుకొంటిమి. మా మరిదిగారు మెల్లగా, "మా వదినగారు" అనిరి. పిల్ల తన చేతిసంచిలోనుండి ఆ పదునొకండవ ఫోటోను తీసి బల్లపై పెట్టెను. అది వెంట తెచ్చినదని నాకు తెలియదు. ఆమె దానిని చాలసేపు చూచి, "వెలుతురు వెనకనుంచి పడింది. అవతలి పక్కన నిలబడివుంటే ముఖం దొరికేది. రెండడుగులు" అని మాత్రమనెను.

పిమ్మట పని సంగతులు మాటాడితిమి. హోమముపొగలో ముఖములు మసకబారకుండుటకు దీపము లేవైపున నుంచవలెనో, అడ్డుతెర దించు క్షణమున తానొక్కతెయే యెచ్చట నిలిచిన ఎవరికిని అడ్డు కాకుండునో ఆమె చెప్పెను. మేము అడిగినవానిని కాగితముపై వ్రాసి యిచ్చెను: ఎన్నిదినములు వచ్చును, ఆమెకు జబ్బుచేసినచో ఎవరు వత్తురు, ఏ తేదీకి ఆల్బము ముట్టును, తీసిన ఫోటోలన్నియు రెండు వేఱువేఱు డిస్కులలో ఇయ్యవలెను. 1957నాటి కాపీరైటు చట్టము ననుసరించి, వేఱొక ఒడంబడిక లేనిచో, సొమ్మిచ్చి తీయించుకొనిన ఫోటోలపై హక్కు తీయించుకొనినవారిదే. కాని చాలమంది ఒడంబడిక చదువకయే సంతకము చేసి ఆ హక్కును వదలుకొందురు. మన పిల్లల ఫోటోలను మన యనుమతి లేక ఇంటర్‌నెట్టులో ప్రకటింపరాదను వాక్యమునుగూడ వ్రాయించితిమి.

తిరుగురైలులో పిల్ల తనంతట తానే, "నాన్నా, తోట అమ్మవద్దు. పెళ్ళి మన ఊళ్ళోనే చేద్దాం. ఆవిణ్ణి మాత్రం మూడురోజులూ పిలుద్దాం" అనెను. మా మరిదిగారు కిటికీవైపు తిరిగి కన్నద్దములు తుడుచుకొనిరి. నేనును ఒక షరతు పెట్టితిని: ఇంటిముంగిట వద్దు, హోటలులోనే చేయవలెనంటిని. రాజమహేంద్రవరములో గోదావరిగట్టునకు దగ్గఱగా ఒక మధ్యతరగతి హోటలును కుదిర్చితిమి. మందిరము నేలయంతస్తులోనిది, ప్రక్కనే హోమమునకు ఆరుబయలు కలదు, చక్రముల కుర్చీకి దారి కలదు. చలువరాళ్ళు లేవు, గుఱ్ఱపుబండి లేదు. ఆ యామె మాత్రము పసుపుకొట్టుదినము మొదలు అప్పగింతలవరకు మాతోనే యుండెను.

ఆ రాత్రి 2 గంటల 47 నిమిషములకు నేను మొదటివరుసలో కూర్చుండి, చేత అక్షతలు పట్టుకొని, మూడుముళ్ళును చూచితిని. మిఠాయిపొట్లములు ఎవరు లెక్కపెట్టిరో నేటికిని నాకు తెలియదు.

ఉగాది గడచిన వారమునకు ఆల్బము వచ్చినది. మా అమ్మ ఒడిలో పెట్టుకొని ఒక్కొక్క పుట త్రిప్పుచుండెను. ఈ మధ్య ఆమెకు మనుష్యులు కొంచెము కలగాపులగముగా గుర్తుకు వచ్చుచున్నారు. తలంబ్రాల పుట వచ్చినది. పిల్ల తల యెత్తి, దోసిటినిండ బియ్యముతో నవ్వుచున్నది. అమ్మ ఆ ముఖముపై వ్రేలుంచి చాలసేపు చూచి, "చిన్నదాని ఫోటో దొరికిందా?" అని యడిగెను.

మే మెవ్వరము పలుకలేదు. పిల్ల ఆమె ప్రక్కన నేలమీద కూర్చుండి, "దొరికింది అమ్మమ్మా" అనెను.